పుంజా? పెట్టా? రామచంద్రపురంలో మా మేనత్త పెరడు

మన చిన్నప్పుడు వీధిలోకి రంగు కోడిపిల్లలవాడు వచ్చేవాడు, గుర్తుందా? వెదురుబుట్ట నిండా గులాబీ, పచ్చ, నీలం రంగుల్లో కిచకిచమంటూ ఉండేవి. అమ్మని సతాయించి ఒకటి కొనిపించుకునేవాళ్ళం. అట్టపెట్టెలో పెట్టి, నూకలు వేసి, దానికో పేరు కూడా పెట్టేవాళ్ళం. మూడోరోజుకి అది తల వాల్చేసేది. ఇక ఆ పూటంతా ఏడుపే! అన్ని పిల్లలు వాడికి ఎక్కడివి, అంత చవగ్గా ఎందుకిస్తున్నాడు అన్న అనుమానం మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్ళ తరవాత మొన్న ధనుర్మాసంలో రామచంద్రపురం వెళ్ళినప్పుడు, మా మేనత్త పెరట్లో దానికి జవాబు దొరికింది. దాంతోపాటు ఇంకో పెద్ద ప్రశ్నకి కూడా.

రాత్రి హైదరాబాదులో గౌతమి ఎక్కి, తెల్లవారి కాకినాడలో దిగి, కరప, వేళంగి మీదుగా బస్సులో వెళ్ళాం. సార్వా కోతలు అయిపోయి, దాళ్వాకి మళ్ళు తడుపుతున్నారు. దారి పొడుగునా కొంగలు, గడ్డిమేట్లు, ఇళ్ళముందు ముగ్గుల్లో గొబ్బెమ్మలు. రామచంద్రపురం మొదట్నుంచీ తూర్పుగోదావరి జిల్లాలోనే ఉండేది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు కోనసీమ జిల్లాలో చేరింది. యుద్ధకాలంలో పట్టాలు పీకేసి, మళ్ళీ 2004లో వేసిన కాకినాడ-కోటిపల్లి రైలుమార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది.

మా అత్త ఇల్లు ఊరి చివర, కాలవ గట్టు దాటాక. ముందు పెంకుటిల్లు, వెనక పెద్ద పెరడు. ములగచెట్టు కింద నాలుగు గంపలు బోర్లించి ఉంటాయి. గంపల చుట్టూ, గంపల మీదా, ఆఖరికి వంటింటి గడప మీదా అన్నీ కోళ్ళే!

"రామ్మా, కాళ్ళు కడుక్కో. ఆ నల్లపెట్ట పిల్లల్తో ఉంది, దగ్గరికెళ్ళకు, పొడుత్తాది" అంటూ ఎదురొచ్చింది అత్త.

ఇరవైలో ఎన్ని?

కాఫీ తాగుతుండగానే పక్కవీధి ఆవిడొకరు బుట్టతో వచ్చారు. డ్వాక్రా అప్పు తీసుకుని ఇరవై పిల్లల్ని కొన్నదట. గుడ్లు అమ్ముకుందామని ఆశ. అమ్మినవాడు "అన్నీ పెట్టలే" అని ఒట్టేసి మరీ ఇచ్చాడట. ఇప్పుడు ఆరు వారాల పిల్లలు.

"ఒకపాలి చూసి చెప్పండి పిన్నిగారూ. మా ఆయన అన్నీ పుంజుల్లాగే ఉన్నాయని నవ్వుతున్నారండి" అంది పాపం.

అత్త అరుగుమీద కూర్చుని ఒక్కొక్క పిల్లనీ చేతిలోకి తీసుకుంది. తల మీద తురాయి చూసింది. పుంజుపిల్లకి ఐదారు వారాలకే తురాయి లేచి ఎర్రబడుతుంది. దవడ కింద తోలు కూడా రంగు తిరుగుతుంది. పెట్టపిల్లకి అదే వయసులో ఇంకా పాలిపోయి, చిన్నగా ఉంటుంది. కాళ్ళు చూసింది. పుంజువి లావుగా, పొడుగ్గా ఉంటాయి. రెక్కలు, తోక చూసింది. చాలా రకాల్లో పెట్టపిల్లలు ముందుగా ఈకలు కప్పుకుంటాయి, పుంజుపిల్లలు వీపు బోడిగా కొన్నాళ్ళు తిరుగుతాయి. ఆ తరవాత పిల్లని నేల మీద వదిలి, ఎలా నిలబడుతోందో చూసింది. మెడ నిక్కించి ఛాతీ ముందుకు పెట్టేది ఒకవైపు, వంగి నేల వెతుక్కునేది ఇంకోవైపు.

పావుగంటలో లెక్క తేలింది. పది పుంజులు, ఎనిమిది పెట్టలు. రెండు మిగిలాయి.

"ఈ రెంటికీ ఇంకో నెలాగు" అంది అత్త. "వీటిలో పందెంజాతి రక్తం ఉంది. ఆ జాతికి తురాయి పుట్టుకతోనే చిన్నది, బఠాణీగింజల్లా అణిగి ఉంటాది. ఇప్పుడే చెప్తే అబద్ధవవుతాది."

ఆవిడ మొహం చిన్నబోయింది. అత్త ఊరుకోలేదు. "ఇరవై పొదిగితే దేవుడు సగం అటూ సగం ఇటూ ఇత్తాడమ్మా. అన్నీ పెట్టలే అన్నాడంటే వాడికి తెలీదన్నా అనుకో, తెలిసి చెప్పాడన్నా అనుకో. పుంజుల్ని నాలుగైదు నెలలు బాగా మేపి అమ్ము, పెట్టల దాణా ఖర్చు అవే తెచ్చిపెడతాయి" అని ధైర్యం చెప్పి పంపింది.

కోడిపిల్లల్ని కొనేటప్పుడు మీరూ ఇది గుర్తుంచుకోండి. పది పన్నెండు వారాలకి మాత్రం ఎవరైనా పోల్చుకోవచ్చు. పుంజుకి మెడ మీదా, తోక మొదట్లో వీపు మీదా ఈకలు సన్నగా, మొన తేలి, నిగనిగలాడుతూ వస్తాయి. పెట్టకి అవే ఈకలు చివర గుండ్రంగా ఉంటాయి. ఈలోపే గొంతు పగిలిన కూత ఒకటి వినిపిస్తే ఇక చెప్పేదేముంది!

మొదటిరోజే తెలుస్తుందా?

"కోలగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అంటారు కదత్తా?" అని అడిగాను.

"మా అత్తగారూ అలాగే ఏరించేది. ముప్పయ్యేళ్ళు ఏరాను. కోలగుడ్డులో పెట్టలొచ్చాయి, గుండ్రటి గుడ్డులో పుంజులొచ్చాయి" అని నవ్వేసింది. గుడ్డు మీద దారం కట్టిన సూదిని వేలాడదీసి చూడటం, పిల్లని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తడం కూడా అంతేనట. రెండోది అసలు చెయ్యకూడదు, పసికాళ్ళు బెణుకుతాయి.

మా అత్త మూడో కూతురు, అంటే నా మరదలు, పశుసంవర్ధక డిప్లొమా చదివి ఆ శాఖలోనే ఉద్యోగం చేస్తోంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర అసలు సంగతి చెప్పింది. పుట్టిన రోజే పోల్చే విద్య ఒకటుంది, దాన్ని లోకానికి నేర్పింది జపాన్ వాళ్ళు. కియోషి మసుయి, జురో హషిమొటో అనే శాస్త్రవేత్తలు పరిశోధించి 1933లో పుస్తకం వేశారు. పిల్ల పుట్టిన ఒకటి రెండు రోజుల్లోపు, తోక కింద ద్వారాన్ని వేలితో సుతారంగా తెరిచి, లోపల ఆవగింజ కన్నా చిన్న బుడిపె ఉందో లేదో చూడాలి. దాన్ని బట్టి పుంజో పెట్టో చెప్తారు. కొన్ని పెట్టపిల్లలకీ బుడిపె లాంటిది ఉంటుంది, అందుకే ఆ తేడా కంటికి అలవాటు కావడానికి నెలల తరబడి సాధన కావాలి. బాగా చెయ్యి తిరిగినవాళ్ళు గంటకి వెయ్యి పిల్లల దాకా వేరుచేస్తారు! ఈ పని నేర్చిన జపాన్ వాళ్ళు, తరవాత కొరియా వాళ్ళు దేశదేశాలకీ వెళ్ళి బతికారు.

"మరి ఇంట్లో మనం చూడొచ్చా?" అన్నాను.

"వద్దొదినా! తెలీకుండా నొక్కితే పేగు జారి పిల్ల చచ్చిపోతుంది" అంది.

హేచరీల్లో ఇంకా తేలికైన పద్ధతులున్నాయి. ఈకలు త్వరగా వచ్చే పుంజునీ, ఆలస్యంగా వచ్చే పెట్టనీ జతకడితే, పుట్టిన పెట్టపిల్లల రెక్క అంచున పొడుగూ పొట్టీ రెండు వరుసల ఈకలుంటాయి. పుంజుపిల్లలకి అన్నీ ఒకే ఎత్తున ఉంటాయి. ఎర్రగుడ్లు పెట్టే సంకరజాతుల్లో చాలావాటికి పిల్ల ఒంటిరంగే చెప్పేస్తుంది. అయితే ఇవన్నీ అందుకోసం జతకట్టిన జాతుల్లోనే. మన పెరటి నాటుకోళ్ళకి ఈ లెక్కలు పనిచెయ్యవు.

ఆ రంగుపిల్లల కథ

"పుట్టిన రోజే తెలుసుకోవాల్సిన తొందరేమిటి?" అని అడిగితే, మరదలు కాసేపు పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ ఊరుకుంది.

రామచంద్రపురానికి దగ్గర్లోనే అనపర్తి, బిక్కవోలు, మండపేట. అటంతా గుడ్లకోళ్ళ ఫారాలే. గుడ్లజాతి కోడి సన్నగా ఉంటుంది. దాని పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికి ఒళ్ళు చెయ్యదు, దాణా మాత్రం తింటుంది. అందుకని ప్రపంచమంతటా గుడ్లజాతి హేచరీల్లో పెట్టపిల్లల్ని ఉంచుకుని, పుంజుపిల్లల్ని పుట్టినరోజే చంపేయడం అలవాటయింది. ఏటా వందల కోట్ల పిల్లలు! మన దగ్గర వాటిలో కొన్నిటిని చవగ్గా అమ్మేసేవారు. అవే రంగులద్దుకుని మన వీధుల్లోకి వచ్చేవి.

"అంటే నేను ఏడ్చిన పిల్లలన్నీ పుంజులేనా?"

"దాదాపు అన్నీ" అంది.

ఈ పద్ధతి తప్పని ఇప్పుడు చాలా దేశాలు గుర్తిస్తున్నాయట. జర్మనీలో 2022 జనవరి నుంచి పుంజుపిల్లల్ని ఇలా చంపడం చట్టరీత్యా నిషేధం. అక్కడ గుడ్డు పొదుగుతుండగానే లోపల ఉన్నది ఏదో యంత్రాలతో తెలుసుకుంటున్నారు. అన్నం ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. ఆడదైతే ఉంచుకుని మగదైతే పారేసే చోటు ఒకటి లోకంలో ఉందని ఆ రోజే విన్నాను.

పుంజుని పెంచడం ఇలా

మా అత్తకి చదువు ఐదో తరగతే. కానీ కోళ్ళ పెంపకంలో ఆవిడ మాట వేదం. ఆవిడ చెప్పినవి మీకోసం రాసుకొచ్చాను.

పొదగడానికి పది రోజులు దాటని గుడ్లే పెట్టాలి. ఒక పెట్ట కింద పది, పన్నెండు చాలు. ఏడోరోజు రాత్రి టార్చిలైటు వెలుగులో చూస్తే, లోపల సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కనిపించనివి తీసెయ్యాలి. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు లేస్తాయి. అన్నట్టు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి పనికిరావు, అంతే. పిల్లలు కావాలంటే ఎనిమిది పది పెట్టలకి ఒక పుంజు సరిపోతుంది.

తల్లి లేని పిల్లలకి మొదటి వారం బల్బు వేడి తప్పదు. బల్బు కిందకి అన్నీ ముద్దగా చేరితే చలేస్తోందని, దూరంగా పోయి నోళ్ళు తెరిస్తే ఉక్కపోస్తోందని అర్థం. అటూ ఇటూ తిరుగుతూ తింటుంటే సరిగ్గా ఉన్నట్టు. నీళ్ళు లోతులేని మూకుడులో, నాలుగు గులకరాళ్ళు వేసి పెట్టాలి. లేకపోతే తడిసి చస్తాయి. ముందు నూకలు, చోళ్ళు. తరవాత గంట్లు, తౌడు, ఆకుకూర. తడిపిన గడ్డీ పేడా పాతకుండలో కుక్కి, చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదపురుగులు! ఎదిగే పుంజుకి అంతకు మించిన బలం లేదంటుంది అత్త.

కొక్కెర తెగులు వస్తే ఒక్కరోజులో గూడు ఖాళీ అయిపోతుంది. అందుకని మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో సూదిమందు తప్పకుండా వేయించాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు అత్త తన మందని నెలరోజులు పెరడు దాటనివ్వలేదట. కొత్తగా కొన్న కోడిని ఇప్పటికీ రెండు వారాలు విడిగా ఉంచాకే మందలో కలుపుతుంది.

మూడో నెల దాటాక పుంజుపిల్లలు కాట్లాడుకుంటాయి. అప్పుడు విడదీసి పెంచాలి. గుడ్ల కోసమే పెంచుకునేవాళ్ళకి గ్రామప్రియ, గుడ్లూ మాంసమూ రెండూ కావాలంటే వనరాజ. ఈ రెండు రకాలూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వారు పెరటి పెంపకం కోసం తయారుచేసినవే.

డేగ కోసం వచ్చినవాళ్ళు

రెండోరోజు పొద్దున్నే ద్రాక్షారామం వెళ్ళొచ్చాం. రామచంద్రపురం నుంచి ఆటోలో పావుగంట. అక్కడ భీమేశ్వరుడి లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఉంటుంది, అభిషేకం చూడాలంటే మెట్లెక్కాలి. ఆ స్వామి మీద భీమేశ్వర పురాణం రాసిన శ్రీనాథుడే పల్నాటి వీరచరిత్ర కూడా రాశాడు. నాయకురాలు నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ కోడిపందెం పెట్టించి రాజ్యాలు కూల్చిన కథ అదే కదా!

తిరిగొచ్చేసరికి ఇంటిముందు మోటారుసైకిలు ఆగి ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు పెరట్లో గొంతుకూర్చుని అత్త మంద పుంజుని చూస్తున్నారు. ఎర్రటి ఈకలదైతే డేగ, నల్లనిదైతే కాకి, తెల్లనిదైతే సేతువ అంటారు ఇక్కడ. అత్తది డేగ. ఎండలో రాగి చెంబులా మెరుస్తుంది.

"పిన్నిగారండీ, పదిహేను వేలిత్తాం. నెల రోజులు బాదంపప్పూ కీమా పెట్టి, ఈత కొట్టించి తయారుచేత్తాం. ఇచ్చెయ్యండి."

"ఇది మందకోసం ఉంచుకున్నది బాబూ. ఇవ్వను" అంది అత్త. ఇరవై వేల దాకా వెళ్ళారు. ఆవిడ చాట తీసుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

పందేలు నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం చెబుతూనే ఉంది. 2016 డిసెంబరులో హైకోర్టు కూడా ఆపమంది. అయినా సంక్రాంతి మూడురోజులూ బరులు వెలుస్తూనే ఉన్నాయి. అత్త ఇవ్వననడానికి కారణం మాత్రం చట్టం కాదు.

"ఒకసారి ఇచ్చానే అమ్మాయ్. పెద్దదాని ఇంటరు ఫీజుకి. పొద్దున్న నా చేతిలో గంట్లు తిన్నాది. కాలికి కత్తి కట్టారంట, మూడు నిమిషాలంట. ఓడిన కోడి గెలిచినోడిది కదా, అటే పట్టుకుపోయారు. కూరకి కోసినా చచ్చేదే కదా అంటావేమో. అవును. తిండికి కోత్తాం, దానికో లెక్కుంది. చూసి ఈలలెయ్యడానికి నేను పెంచలేదు."

ఆడో మగో తేల్చేదెవరు?

ఆ రాత్రి చలికి అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. మరదలు మాటల్లో ఒక సంగతి చెప్పింది. మనుషుల్లో తల్లి ఇచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లాడు. కోళ్ళలో ఇది తిరగబడి ఉంటుంది. పుంజుకి రెండూ జెడ్ క్రోమోజోములే. పెట్టకి ఒకటి జెడ్, ఒకటి డబ్ల్యూ. కాబట్టి పుంజా పెట్టా అని తేల్చేది తల్లికోడి గుడ్డు.

"అంటే పెట్టని తిట్టినా అర్థవుంది. నన్నెందుకు తిట్టారో!" అంది అత్త చీకట్లోంచి.

నవ్వబోయి ఆగిపోయాను. అత్తకి ముగ్గురూ ఆడపిల్లలే. రెండో కాన్పుకే వాళ్ళత్తగారు "అన్నీ పెట్టలేనా?" అందట. మూడోసారి పురిటింటికి వచ్చి, పిల్ల మొహం చూడకుండానే బస్సెక్కేసిందట. మామయ్యకి రెండో సంబంధం చూస్తామన్నారు. మామయ్య ఒప్పుకోలేదు గానీ, తల్లికి ఎదురుచెప్పనూ లేదు. అప్పుడే అత్త పుట్టింటి నుంచి రెండు పెట్టల్నీ ఒక పుంజునీ తెచ్చుకుంది. ఆ గుడ్ల డబ్బులతోనే ముగ్గురికీ పుస్తకాలూ ఫీజులూ. పెద్దొదిన టీచరు, చిన్నొదిన నర్సు.

"ఇది డిప్లొమా చదివేటప్పుడు సెలవలకొచ్చి ఈ ముక్క చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికి మా అత్తగారు పోయి ఆరేళ్ళు. మీ మామయ్యకి చెప్తే, తల దించుకుని, తెలీదే అన్నాడు. నాకూ తెలీదు కదా. ఇరవయ్యేళ్ళు నా తప్పే అనుకున్నాను."

మరదలు తల్లి దుప్పటిని సర్ది కప్పింది. ఎవరం ఏం మాట్లాడలేదు. గంపలో నల్లపెట్ట ఒకసారి కుర్రుమని సర్దుకుంది.

ప్రయాణమయ్యే రోజు

బయల్దేరేముందు ఎదురింటావిడ నెలలు నిండిన కోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "మీ చెయ్యి మంచిదంట కదా వదినగారూ! కోడిపిల్లల్ని చెప్పినట్టు దీన్నీ ఓసారి చూసి చెప్పండి, మనవడా మనవరాలా?" అంది సరదాగానే. కోడలు మాత్రం నవ్వలేదు. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

కడుపులో ఉన్నది ఏదో చెప్పడం నేరమని 1994లోనే చట్టం వచ్చిందని నేను అనబోతున్నాను. ఈలోపు అత్త ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని తలెత్తించింది.

"కోడిపిల్లనైతే ఆరు వారాలాగమంటాను. నిన్ను ఇంకో నాలుగు వారాలాగమంటున్నాను. ఏదైనా సరే, మేత ఒకటే. వేళకి తిను" అని, తవుడులో పెట్టిన అరడజను గుడ్లు కొంగులో పోసింది. మిగతా అరడజనూ నా సంచిలోకి వచ్చాయి.

ఫిబ్రవరిలో అత్తకి ఫోను చేశాను. ఆ రెండు అనుమానం పిల్లల సంగతేమిటని అడిగాను. "ఒకటి నిన్న కూసింది. రెండోదానికి ఈకలు గుండ్రంగా వచ్చాయి, పెట్టే" అంది. ఇరవైలో పదకొండు, తొమ్మిది. అత్త చెప్పినట్టు ఇంచుమించు సగం సగమే!

"ఎదురింటమ్మాయికి ఏం పుట్టిందత్తా?"

"తల్లీ బిడ్డా కులాసా."

"అది కాదత్తా, ఏం పుట్టిందని..."

"కులాసా అని చెప్తున్నా కదే!" అని నవ్వింది అత్త. వెనకాల డేగ కూత వినిపించింది.